గురువు దమ్ము తీసుకున్న చోటు





బస్తీల్లో దివాన్ ముగిసి పంగత్‌లో కూర్చున్నాక మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న మోక్షం గురించి కాదు. "పాఠ్ వింటుంటే కళ్లు మూతలు పడుతున్నాయి గ్రంథీ జీ, పాపం తగులుతుందా?" అని అడుగుతారు. అడిగేవాళ్లు సోమరులు కారు. చీకటితోనే లేచి నీళ్లు పట్టి, వంట చేసి, మధ్యాహ్నమంతా కొలిమి దగ్గర రేకు పట్టుకుని, సాయంత్రం కడాయిలు నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి వచ్చిన బీబీలు. బీరువాల షాపులో పన్నెండు గంటలు వెల్డింగ్ చేసి వచ్చిన కుర్రవాళ్లు. వాళ్ల కళ్లు మూతలు పడటం పాపం కాదు. అది దేహం పెట్టుకున్న అర్జీ. ఆ అర్జీని గురుఘర్‌లోనైనా ఎవరో ఒకరు చదవాలి కదా అని ఈ ట్రాక్ట్ రాస్తున్నాం.

మనవాళ్లలో "అలసిపోయాను" అని చెప్పడం నామోషీ. మన పేరే పని మీద నిలబడింది. సైకల్ అంటే మెరుగు పెట్టడం. ఖాల్సా ఫౌజు కత్తులకు మెరుగు పెట్టినవాళ్లం కాబట్టి సిక్లీగర్లమయ్యాం అని పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ గర్వం మంచిదే. కానీ దాని పక్కనే ఇంకో మాట చేరిపోయింది: సిక్కు ఎప్పుడూ చఢ్‌దీ కళాలో ఉండాలి, కాబట్టి సిక్కు అలసిపోకూడదు. మొదటి సగం గురువులు నేర్పింది. రెండో సగం మనం కలుపుకున్నది. దశమ పాత్‌షాహ్ జీవితంలోనే దీనికి జవాబు ఉంది.

ఆనంద్‌పూర్ కోట విడిచిన తర్వాతి రోజులను గుర్తు చేసుకోండి. సర్సా నది దగ్గర పరివారం విడిపోయింది. చమ్‌కౌర్‌లో పెద్ద సాహిబ్‌జాదాలు ఇద్దరూ కళ్లముందే షహీదులయ్యారు. సిర్హింద్‌లో చిన్నవాళ్లిద్దరూ, మాతా గుజ్రీ జీ కూడా వెళ్లిపోయారు. గురు గోవింద్ సింగ్ జీ ఒంటరిగా, చలిలో, ముళ్ల దారిలో మాఛీవాడా అడవికి చేరారు. అక్కడ ఏం చేశారు? బావి నుంచి నీళ్లు తోడే మట్టికుండను తలకింద పెట్టుకుని నేల మీద పడుకున్నారు. సాఖీ చెప్పేవాళ్లు ఇక్కడ గొంతు పెంచి వీరరసం ఒలికిస్తారు. మేము మాత్రం ఇక్కడ కాస్త ఆగమంటాం. గురు మహారాజ్ నిద్రపోయారు. శత్రువు వెంటపడుతుండగా, దుఃఖం కొండంత ఉండగా, దేహం అడిగినదాన్ని దేహానికి ఇచ్చారు.

ఆ తర్వాతి సంగతి ఇంకా గొప్పది. నబీ ఖాన్, గనీ ఖాన్ అనే ఇద్దరు పఠాన్ సోదరులు వచ్చి, ఆయనకు నీలం బట్టలు తొడిగి, ఉచ్ పట్టణపు పీర్ అని చెప్పి, మంచం మీద కూర్చోబెట్టి భుజాల మీద మోసుకుంటూ మొగలు సైన్యాన్ని దాటించారు. ఖాల్సాను సృష్టించినవాడు, నలుగురు కొడుకులను ధర్మానికి ఇచ్చినవాడు, ఇతరులు తనను మోస్తామంటే వద్దనలేదు. మన ఇళ్లలో జ్వరంతో ఉన్న తండ్రి చేతిలోంచి కొడుకు సుత్తి తీసుకోబోతే "నేనింకా చావలేదు" అని లాక్కుంటాడు. ఆ తండ్రికి ఈ సాఖీ చెప్పాలి.

ఇక అసలు చోటికి వద్దాం. 1706లో గురు మహారాజ్ తల్వండీ సాబోకి చేరారు. అక్కడి చౌదరీ డల్లా ఆయనను ఆదరించాడు. అక్కడే నడుముకు బిగించిన కమర్‌కస్సా విప్పి, శ్వాస తీసుకున్నారని సంప్రదాయం. ఆ చోటికి వచ్చిన పేరు దమ్‌దమా సాహిబ్. దమ్ అంటే ఊపిరి. మన తెలుగులో "కాస్త దమ్ము తీసుకో", "దమ్ము ఆడటం లేదు" అంటామే, అదే దమ్ము. (దమ్ము కొట్టడమంటే బీడీ అనుకునేవాళ్లకు చెప్పేదేమీ లేదు, వాళ్లకు రెహత్ ఎప్పుడో చెప్పింది.) అక్కడ సుమారు తొమ్మిది నెలలు ఉన్నారు. భాయీ మనీ సింగ్ జీ చేత గ్రంథ్ సాహిబ్ బీడ్ రాయించింది, గురు తేగ్ బహాదర్ జీ బాణీని అందులో చేర్పించింది అక్కడే అని పంథ్ నమ్మకం. దమ్ము తీసుకున్న చోటు గురూ కీ కాశీ అయ్యింది. 1966లో శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ దాన్ని అయిదో తఖ్త్‌గా ప్రకటించింది. ఖాల్సా పుట్టిన చోటు ఒక తఖ్త్, మన నాందేడ్‌లో గురు మహారాజ్ జోతీజోత్ కలిసిన చోటు ఒక తఖ్త్, ఊపిరి తీసుకున్న చోటు కూడా ఒక తఖ్త్. ఊపిరి తీసుకోవడం చిన్న పనైతే పంథ్ దానికి ఇంత గౌరవం ఇచ్చేదా?

ఇంత దూరం పోనక్కర్లేదు, మన గురుద్వారాలో రోజూ జరిగేది చూడండి. రాత్రి అర్దాస్ అయ్యాక గురు గ్రంథ్ సాహిబ్ జీని రుమాలాల్లో చుట్టి, తలమీద ఉంచుకుని, సుఖాసన్ గదికి తీసుకువెళ్లి పడుకోబెడతాం. చలికాలం దుప్పటి కూడా కప్పుతాం. అమృత్‌వేళలో మళ్లీ ప్రకాశ్ చేస్తాం. జీవించి ఉన్న గురువుగా కొలిచే గ్రంథానికే రాత్రి విశ్రాంతి ఇచ్చే పంథ్ మనది. పడుకునే ముందు చదవడానికి సోహిలా అనే బాణీనే పెట్టుకున్న పంథ్ మనది. ఆ గురువు సిక్కు మాత్రం రాత్రి ఒంటిగంటకు పని ఆపి, నాలుగింటికి లేవలేక, లేవలేకపోయానని కుమిలిపోతూ ఉంటాడు.

అమృత్‌వేళ గురించి సూటిగా చెబుతాం, ఎందుకంటే ఇక్కడే చాలామంది నలిగిపోతున్నారు. అమృత్‌వేళ మొదలయ్యేది తెల్లవారుజామున కాదు, ముందు రోజు రాత్రి. నాలుగింటికి లేవాలంటే తొమ్మిదింటికి పడుకోవాలి. పెద్ద మనిషికి ఏడు గంటల నిద్ర కావాలి, ఇందులో బేరం లేదు. పదకొండింటి దాకా ఫోన్‌లో వీడియోలు చూసి నాలుగింటికి లేచే కుర్రవాడిది భక్తి కాదు, మొండితనం. వారం తిరక్కముందే మానేస్తాడు. నిజంగానే రాత్రి పాళీ పనిచేసి వచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లు పడుకుని లేచి, స్నానం చేసి నిత్‌నేమ్ చేసుకోవాలి. వాళ్లను ఎవరూ తక్కువగా చూడకూడదు, ముఖ్యంగా కమిటీలో కూర్చున్నవాళ్లు.

సిద్ధులతో గోష్ఠిలో గురునానక్ దేవ్ జీ నిద్రను, తిండిని తగ్గించుకోమన్నారు కదా అని కొందరు పెద్దలు అడుగుతారు. అవును, అది తిని పడుకునే మనిషికి పగ్గం వేసే ఉపదేశం. కడుపు మాడ్చుకునేవాడికి, నిద్రలేక తూలేవాడికి ఇంకాస్త మాడమని చెప్పింది కాదు. ఉపవాసాలతో, ఒళ్లు హింసించుకోవడంతో దేవుడు దొరుకుతాడన్న యోగులను, తపస్వులను గురువులు ఎన్నిచోట్ల మందలించారో పాఠ్ చేసేవాళ్లకు తెలుసు. 656వ అంగ్ తెరిచి చూడండి. సోరఠ్ రాగంలో భగత్ కబీర్ జీ, ఆకలితో ఉండి నీ భక్తి చేయలేనని మాలను ప్రభువుకే తిరిగి ఇచ్చేస్తున్నారు. పిండి, నెయ్యి, ఉప్పు, పప్పు కొలతలు చెప్పి మరీ అడుగుతారు. దాంతో ఆగరు, మంచం అడుగుతారు, తలగడ అడుగుతారు, కప్పుకోవడానికి బొంత అడుగుతారు. మగ్గం నేసిన చేతులు కదా, పనివాడి దేహానికి ఏం కావాలో ఆయనకు తెలుసు. ఆ మాటలను గురు అర్జన్ దేవ్ జీ గ్రంథ్ సాహిబ్‌లో చేర్చారు. మంచం, తలగడ అడగడం తప్పైతే చేర్చేవారు కారు.

మన చేతిపని కూడా ఇదే చెబుతుంది. చల్లటి రేకును కొట్టుకుంటూ పోతే అది గట్టిపడుతుంది. అది బలం అనుకుని ఇంకా కొడితే అంచు దగ్గర చీలిక వస్తుంది. చీలకముందే దాన్ని మళ్లీ మంటలో పెట్టి, ఎర్రబడ్డాక బూడిదలో మెల్లగా చల్లారనివ్వాలి, అప్పుడే అది మళ్లీ సుత్తి మాట వింటుంది. కత్తిని కాల్చి నీళ్లలో ముంచి అలాగే వదిలేస్తే గాజులా పుటుక్కుమంటుంది, మళ్లీ కాస్త సెగ చూపించి మెత్తబరచాలి. ఇనుముకు ఇంత మర్యాద చేసే మనం పొద్దున లేచిన దగ్గర్నుంచి కోపంగా ఉన్న తమ్ముడిని చూసి "వీడికి పొగరు" అంటాం. పొగరు కాకపోవచ్చు. చల్లటి రేకు మీద దెబ్బలు ఎక్కువై ఉండవచ్చు.

అయితే అన్ని అలసటలూ ఒకటి కావు. నిద్రతో పోయేది ఉంది, నిద్రపోయినా పోనిది ఉంది. రెండోదానికి కారణం వెతకాలి.

ఎండాకాలం సంగతి ముందు. ఏప్రిల్, మే నెలల్లోనే మనకు కూలర్ల గిరాకీ. ఊరందరికీ చల్లగాలి ఇచ్చే పెట్టెలు తయారుచేసేవాళ్లు రేకుల షెడ్డు కింద మాడుతుంటారు. కొలిమి సెగ, ఎండ సెగ కలిస్తే చెమటలో నీళ్లూ ఉప్పూ పోతాయి. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఇరవై నిమిషాలకోసారి గ్లాసు నీళ్లు తాగాలి, మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం, లేదా ఓఆర్ఎస్. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలడం లేదని గుర్తు. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, కండరాలు పట్టేయడం కనిపిస్తే పని ఆపి నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డతో తుడవాలి. మనిషి మాట తడబడుతున్నా, తికమకపడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. తడిపి, విసురుతూ, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆనంద్‌పూర్ యుద్ధంలో భాయీ కన్హయ్యా జీ మష్క్ భుజాన వేసుకుని అటువాడా ఇటువాడా అని చూడకుండా నీళ్లు పోశారు. మన షెడ్డులో పనిచేసే కుర్రవాడికి నీళ్ల కుండ నింపిపెట్టడం ఆ సేవకు దూరమైనది కాదు.

జీఐ రేకు వెల్డింగ్ చేసేవాళ్లకు ఒక మాట. ఆ తెల్లటి పొగ రేకు మీద పూత పెట్టిన జింక్‌ది. పొద్దున పీల్చితే సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లునొప్పులు, నోట్లో లోహపు రుచి, చెప్పలేనంత నీరసం. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కాబట్టి దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో అనుకుని తాయెత్తు కట్టించుకుంటారు. అది గాలి కాదు, పొగ. అతికే చోట పూతను గీకేయండి, షెడ్డు బయట చేయండి, గాలి పక్కనుంచి వీచేలా నిలబడండి. పాలు తాగితే పొగ కొట్టుకుపోతుందన్న నమ్మకం ఉంది. పాలు మంచి ఆహారమే, పొగకు విరుగుడు మాత్రం కాదు. మూసిన గదిలో బొగ్గు మండించడం ఇంకా ప్రమాదం. అందులో పుట్టే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. ముందు తలనొప్పి, మత్తు, తర్వాత మెలకువే రాకపోవచ్చు. వానాకాలం కొలిమిని ఇంట్లోకి మార్చేవాళ్లు కిటికీ, తలుపు తీసే ఉంచాలి.

ఇక బీబీల అలసట. దీన్ని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో దీన్ని అలసటగా ఎవరూ లెక్కపెట్టరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే పంగత్‌లో వరసగా పదిమంది కూర్చుంటే అయిదారుగురికి. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, కళ్లకింద తెలుపు, సున్నమో బియ్యమో తినాలనిపించడం, ఏ పనీ మొదలుపెట్టాలని లేకపోవడం, ఇవన్నీ దానివల్ల రావచ్చు. అత్తగారు దాన్ని బద్ధకం అంటారు, భర్త చిరాకు అంటాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి హిమోగ్లోబిన్ చూస్తారు. స్త్రీలకు 12, గర్భిణులకు 11, మగవాళ్లకు 13 కంటే తక్కువుంటే రక్తహీనతే. ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. మలం నల్లబడిందని భయపడి నాలుగు రోజులకే ఆపేస్తారు, అలా నల్లబడటం ఆ మాత్రలతో మామూలే. భోజనంతోపాటు టీ తాగితే తిన్న ఇనుము ఒంటికి పట్టదు. టీని గంట పక్కకు జరిపి, అన్నంలో నిమ్మకాయ పిండుకోండి. ఇంకో చిత్రం చూడండి. ఇనుప కడాయిలో వండితే కూరలోకి కాస్త ఇనుము చేరుతుంది. హజూర్ సాహిబ్‌లో సర్బలోహ్ పాత్రల మర్యాద ఇప్పటికీ ఉంది. ఊరంతా మన కడాయిలు కొనుక్కుంటోంది, మన ఇళ్లలో మాత్రం అల్యూమినియం గిన్నెలు మెరుస్తున్నాయి.

గురు అంగద్ దేవ్ జీ ధర్మపత్ని మాతా ఖీవీ జీ ఖడూర్ సాహిబ్‌లో లంగర్ నడిపారు. ఆమె పేరు, ఆమె వడ్డించిన నేతి ఖీర్ గురు గ్రంథ్ సాహిబ్‌లోనే ఉన్నాయి. ఆమెను చెట్టు నీడతో పోల్చారు. మన ఇంటి ఖీవీ మాత మాత్రం అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తింటుంది. పంగత్‌లో రాజు, పేద ఒకే వరసలో కూర్చోవాలన్న ధర్మం గురుద్వారా గుమ్మం దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? రాత్రి భోజనానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చోండి. గుడ్డైనా పప్పైనా అందరి పళ్లెంలోనూ పడాలి. బాలింత అయిన కోడలు రాత్రంతా బిడ్డతో మేలుకుంటే, పగలు రెండు గంటలు ఆ బిడ్డను పట్టుకునేవాళ్లు కావాలి. దస్వంద్ అంటే డబ్బులో పదోవంతు అని మాత్రమే అనుకుంటున్నాం. చేతిలో డబ్బు లేని ముసలమ్మ ఆ రెండు గంటలు ఇస్తే అది దస్వంద్ కాదా? మా దృష్టిలో కచ్చితంగా దస్వందే.

ఇంత చేసినా తగ్గని అలసట ఉంటే డాక్టర్‌ను చూడాలి. షుగర్, థైరాయిడ్ వల్ల కావచ్చు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష, అది సర్కారు దవాఖానాలో ఉచితం. గ్రైండర్ దుమ్ము పీల్చేవాళ్లు దగ్గును అసలు తేలిగ్గా తీసుకోవద్దు. అర్దాస్ చేశాం కదా, దవాఖానా ఎందుకు అనేవాళ్లుంటారు. గురు హర్ రాయ్ జీ కీరత్‌పూర్‌లో దవాఖానా నడిపారు. అర్దాస్ అక్కడ కూడా జరిగేది.

మనసు అలసట గురించి రాయడం కష్టం, ఎందుకంటే మన భాషలో దానికి పేరే లేదు. "మనసు బాగోలేదు" అంటాం, లేదా ఏమీ అనం. దాని వెనక చాలాసార్లు కనిపించేది కిస్తీ. సోమవారం గ్రూపు లోను, బుధవారం వడ్డీ వ్యాపారి, నెలాఖరుకు వెల్డింగ్ మెషిన్ ఈఎంఐ. కడాయిలు అమ్ముడుపోని వారం ఇంటి తలుపు చప్పుడైతే గుండె జారుతుంది. దేహం పడుకుంటుంది, మనసు లెక్కలు వేస్తూనే ఉంటుంది. అప్పుడు మగవాళ్లు సీసా పట్టుకుంటారు. "ఒళ్లునొప్పులకు కొంచెం" అని మొదలవుతుంది. మద్యం నిద్రపుచ్చినట్టే కనిపిస్తుంది, కానీ అర్ధరాత్రి దాటాక నిద్రను ముక్కలు చేస్తుంది, ఒంట్లో నీటిని లాగేస్తుంది, మర్నాటి సుత్తిని ఇంకా బరువు చేస్తుంది. ఆ బరువుకు మళ్లీ సాయంత్రం సీసా. మత్తు వద్దని రెహత్ చెప్పింది అని మాత్రం చెప్పి వదిలేస్తే సగం మాటే చెప్పినట్టు. తాగేవాడిని సంగత్ ముందు తిట్టడం మాకు నచ్చని పని. అతడి నొప్పికి, అతడి అప్పుకు సంగత్ ఏం చేసిందో కూడా అడగాలి. రోజూ నొప్పి మాత్రలు మింగేవాళ్లకూ ఇదే మాట. నీళ్లు చాలని ఒంట్లో ఆ మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి.

మాఛీవాడాకు మళ్లీ ఒకసారి వెళ్దాం. గురు మహారాజ్ తన స్థితిని ప్రియమిత్రుడికి విన్నవించుకున్న శబద్ అక్కడ పలికిందే అని సంప్రదాయం. మనందరికీ వచ్చిన శబద్, పెళ్లిళ్లలో కూడా పాడేస్తుంటాం. అందులో శత్రువు మీద గర్జన లేదు. నా హాలు ఇలా ఉంది అని చెప్పుకోవడం ఉంది. చఢ్‌దీ కళా అంటే హాలు దాచుకోవడం అయితే ఆ శబద్ ఉండేదే కాదు. చఢ్‌దీ కళా అంటే ఆ హాలులో కూడా ప్రభువును, మనుషులను విడిచిపెట్టకపోవడం అని మేము అర్థం చేసుకున్నాం.

కాబట్టి చెప్పుకోండి. ఇంటావిడతో చెప్పుకోండి, అన్నతో చెప్పుకోండి, గ్రంథీతో చెప్పుకోండి. వినేవాళ్లు "ఇంతోటిదానికేనా" అనకండి, వెంటనే ఉపదేశం మొదలుపెట్టకండి. ముందు టీ ఇవ్వండి, తర్వాత పూర్తిగా వినండి. రెండు వారాలకు మించి దేనిమీదా ఆశ పుట్టకపోతే, నిద్ర, ఆకలి పోతే, బతకడం దేనికి అన్న ఆలోచన వస్తుంటే అది విశ్వాసంలో లోటు కాదు, జబ్బు. దానికి మందు ఉంది. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే సర్కారు సేవ, రాత్రి పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. చావు మాట ఎత్తిన మనిషిని ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. మన ఇళ్లలో కత్తులు, పదును పెట్టిన సామాను చేతికందేలా ఉంటాయి, వాటిని వేరే ఇంటికి మార్చండి. కృపాణ్ గురించి మొహమాటపడి ఈ మాట దాటేయకండి, కోలుకునేదాకా ఏం చేయాలో గ్రంథీతో మాట్లాడండి.

సిమ్రన్ గురించి చివర్లో చెబుతున్నాం, అది చివరిది కాబట్టి కాదు. నిద్రకు బదులుగా, తిండికి బదులుగా, మందుకు బదులుగా సిమ్రన్‌ను వాడుకోకూడదని ముందు చెప్పాల్సి వచ్చింది. వాటిని వాటి చోట ఉంచాక సిమ్రన్ రుచి వేరు. బ్లోయర్ ఆపేశాక, ఫోన్ తీయకముందు, చేతులు కడుక్కుని పది నిమిషాలు కూర్చోండి. గోడకు ఆనుకున్నా పరవాలేదు. లోపలికి వచ్చే ఊపిరితో "వాహె", బయటికి వెళ్లే ఊపిరితో "గురూ". మన తాతలు కొలిమి తిత్తి ఒత్తుతూ ఇదే చేసేవాళ్లని పెద్దలు చెబుతారు. తిత్తికి కూడా నిండటానికి ఒక క్షణం కావాలి, ఊరికే ఒత్తుతూ పోతే గాలి రాదు. మధ్యలో నిద్ర వస్తే పడుకోండి. ఎవరూ లెక్క రాయడం లేదు.

గురుద్వారా కమిటీలను ఈ ఎండాకాలానికి మూడు పనులు అడుగుతున్నాం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా లంగర్ హాలు తాళం తీసి ఉంచండి, రేకుల షెడ్డుల్లో మాడేవాళ్లు వచ్చి పడుకుంటారు. చాపలు చాలు, కూలర్ ఎలాగూ మన చేతి పనే. బస్తీ ఆశా కార్యకర్తతో మాట్లాడి ఒక ఆదివారం దివాన్ తర్వాత బీబీలందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష పెట్టించండి, మగవాళ్లకు బీపీ, షుగర్ కూడా. దివాన్ సమయాన్ని ఒక గంట తగ్గించండి. ఈ మూడోది విని కొందరు కథావాచకులు నొచ్చుకుంటారని తెలుసు. మేము కూడా కథ చెప్పేవాళ్లమే. నిద్రకు ఒరిగిపోతున్న తలలకు రెండు గంటలు చెప్పేకంటే, మెలకువగా ఉన్నవాళ్లకు గంట చెప్పి, మిగిలిన గంట వాళ్లను ఇంటికి పంపడం మేలు.